సూచికలో లేని మనిషి

వరదకు ఊళ్లు మునుగుతున్నాయి. మంత్రి గ్రంథాలయం గుమ్మంలోనే నిలబడి విషయసూచిక తిరగేశాడు. అందులో వరద అన్న మాటే లేదు.

"పనికొచ్చేదేమీ లేదిక్కడ. దీన్ని మూసేసి కాపలావాణ్ణి పంపించెయ్యండి" అన్నాడు.

వంటశాలలో మిగిలిన అన్నం తింటూ ఏళ్లుగా ఆ తాళపత్రాల మధ్య ఒంటరిగా బతుకుతున్న కాపలావాడు సింగన్న చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ముందు కొలువు జాబితాలో నా పేరు చూడండి."

జాబితా తెప్పించి చూశారు. పేరు లేదు.

"అది రాశాక వచ్చాను నేను. మళ్లీ ఎవరూ రాయలేదు. పేరు లేనంతమాత్రాన నేను లేనట్టయితే, ఎవర్ని పంపిస్తారు? సూచికా అంతే. తర్వాత వచ్చిన గ్రంథాలన్నీ లోపలున్నాయి."

మంత్రి లోపలికి నడిచాడు. కట్టలు విప్పిస్తే, వరదకు గట్లు కట్టే పద్ధతి దొరికింది. ఆ రోజే సూచిక తిరగరాయించారు.

కొలువు జాబితా తిరగరాయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.