ఉస్తాద్ నోటి శభాష్

ఆదోని తాలీంఖానాలో ఉరుకుందప్ప పదకొండేళ్లు కుస్తీ నేర్చాడు. ఊళ్లో అతన్ని మెచ్చుకోనివాళ్లు లేరు. ఉస్తాద్ మౌలాలి నోట మాత్రం ఒక్కసారి కూడా శభాష్ అనిపించుకోలేదు.

ఆ ఏడు ఉరుసు పోటీల్లో అతను పొరుగూరి నుంచి వచ్చిన బజారప్ప అనే కొత్త కుర్రాణ్ణి వెల్లకిలా పడేశాడు. వీపు మట్టికి తగిలింది. కుస్తీ అక్కడితో అయిపోయింది. కానీ జనం శభాష్, శభాష్ అని అరుస్తున్నారు. ఆ అరుపులు తగ్గేదాకా ఉరుకుందప్ప అతని చెయ్యి మెలిపెట్టే ఉంచాడు.

జనం గెలిచినవాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. బజారప్ప నొప్పెడుతున్న తన చెయ్యి పట్టుకుని గోదాలోనే కూర్చుండిపోయాడు. ఉస్తాద్ వెళ్లి అతని వీపు మీది మట్టి దులిపాడు.

"శభాష్ బేటా" అన్నాడు.

జనం భుజాల మీద ఉన్న ఉరుకుందప్ప ఆ మాట విన్నాడు.

తెల్లారి మూట కట్టుకుని వచ్చాడు.

"పోతాండా ఉస్తాద్. బళ్లారిలో ఇంకో తాలీం చూసుకుంటా."

"ఏమైందిరా?"

"పదకొండేళ్లు మీ కాళ్లు పిసికినా. గెలిచినోణ్ణి నేను. నిన్న వచ్చినోనికి, అదీ ఓడినోనికి, శభాష్ అంటిరి. నాలో ఏం తక్కువ?"

ఉస్తాద్ లేచాడు. డెబ్బై ఏళ్ల మనిషి. చొక్కా విప్పి గోదాలోకి దిగాడు.

"రా."

"వద్దు ఉస్తాద్. ఎముకలు ఇరుగుతాయి."

"ఎవరివి, నీవా? భయపడాకు, మెల్లగా పడేస్తాలే."

కసరత్తు చేస్తున్నవాళ్లంతా నవ్వారు. ఉరుకుందప్ప రోషంగా దిగి పట్టు పట్టాడు. చేతికి ముసలాయన పక్కటెముకలు తగిలాయి. తనకు తెలియకుండానే పట్టు సడలించాడు. మరుక్షణం వెల్లకిలా పడి ఉన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ వంగి అతని ఛాతీ మీద చెయ్యి వేశాడు.

"శభాష్ బేటా."

ఉరుకుందప్ప కళ్లు నిండాయి. "ఓడిపోయినందుకా ఉస్తాద్?"

"శభాష్ అనేది ఫార్సీ మాట. సంతోషంగా ఉండు అని దానికి అర్థం. నిలబడినోనికి ఊరంతా చెప్తుందిలే."

ఉరుకుందప్ప ఆ మట్టిలోనే లేచి కూర్చున్నాడు.

"ఉస్తాద్, చెయ్యి ఎట్లుందో పోయి చూసొస్తా. ఆ బజారప్పది ఏ ఊరు?"