సీసాలో కలిసిన అనుమానం

సముద్రం ఒడ్డున ఉన్న ఒక కళాశాలలో ఎవ్వరినీ నమ్మని వామనమూర్తి అనే ఆచార్యుడు ఉండేవాడు.

ఆయన జీవశాస్త్రం చెప్పేవాడు. బాగా చదువుకున్నవాడు, పనిమంతుడు కూడా. కానీ తన గడియారం పది చూపిస్తే పక్కవాడి గడియారం కూడా చూసేవాడు. అదీ పదే చూపిస్తే, రెండూ ఒకేలా చెడిపోయాయేమో అనుకునేవాడు. ఇంట్లో భార్య కాఫీ ఇస్తే "చక్కెర వేశావా?" అని అడిగేవాడు. వేశానని ఆవిడ చెబితే ఒక గుక్క తాగి, "నిజంగానే వేశావే!" అని ఆశ్చర్యపోయేవాడు. ఆవిడ ఎప్పుడో అలవాటు పడిపోయింది. శాస్త్రం చదివేవాళ్ళకు అనుమానం ఉండాల్సిందే, కాదనను. అయితే అది లెక్కల మీద, పరికరాల మీద ఉండాలి. ఈయనకు మనుషుల మీద ఉండేది.

ఆయన దగ్గర నూకరత్నం అనే అమ్మాయి పరిశోధన చేసేది. ఆమెది పక్కనే ఉన్న మత్స్యకారుల పల్లె. ఆ పల్లె నుంచి అంత పెద్ద చదువుకు వచ్చిన మొదటి మనిషి ఆమే. పీత కాలిలోంచి నరం తీసి, అందులో ఎంత విద్యుత్తు ఉందో కొలవడం ఆమె పని. నెలాఖరున అధ్యాపకులందరి ముందూ తన ఫలితాలు చెప్పాలి. వాళ్ళు ఒప్పుకుంటే డాక్టరేటు వచ్చినట్టే. లేకపోతే ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలే.

ప్రయోగశాలలో సీసాలు కడిగే అసిరయ్యకు ఈ పని వింతగా ఉండేది.

"తెగిపోయిన పీత కాల్లో కరెంటేటమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

నూకరత్నం నవ్వింది. "కాలు తెగినా నరం కాసేపు బతికే ఉంటుంది మావా. నరంలో ప్రతి కణానికీ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరకు లోపల పొటాషియం ఎక్కువ. బయట సోడియం ఎక్కువ, మన ఉప్పులో ఉండేదే. వీటిని అయాన్లంటారు. రెండూ ధనావేశం మోసుకు తిరిగేవే. పొరలో పొటాషియాన్ని మాత్రమే పోనిచ్చే సన్నటి దారులు కొన్ని తెరిచే ఉంటాయి. లోపల కిక్కిరిసి ఉన్న పొటాషియం వాటిలోంచి కొద్దికొద్దిగా బయటికి జారుతుంది. ధనావేశం బయటికి పోయేసరికి లోపల రుణావేశం మిగులుతుంది."

"అలాగైతే కాసేపటికి అంతా ఎళ్ళిపోదా?"

"పోదు. లోపల మిగిలిన రుణావేశం దాన్ని వెనక్కి లాగుతుంది. బయటికి పోయే జోరు, వెనక్కి లాగే బలం సమానమైన చోట ఆగుతుంది. అప్పుడు పొరకు లోపలికీ బయటికీ ఉండే విద్యుత్తు తేడానే నేను కొలుస్తాను. ఇంచుమించు డెబ్బై మిల్లీవోల్టులు."

"మరి సోడియం ఊరుకుంటాదా?"

"దాని తలుపులు మూసి ఉంటాయి. నరానికి కబురు తగలగానే అవి తెరుచుకుంటాయి. సోడియం ఒక్కుమ్మడిగా లోపలికి దూకుతుంది. అలా ఒకచోట తలుపులు తెరుచుకుంటే ఆ పక్క తలుపులు కూడా తెరుచుకుంటాయి, కబురు నరం పొడవునా పాకుతుంది. వేలు కాలితే మనకు తెలిసేది అలాగే. పొరలో చిన్న పంపులు కూడా ఉంటాయి. లోపలికొచ్చిన సోడియాన్ని బయటికి తోసి, పోయిన పొటాషియాన్ని మళ్ళీ లోపలికి తెస్తాయి."

అసిరయ్య పీత కాలు వైపు కొంచెం మర్యాదగా చూశాడు. "దీనికింత కథుందా! ఇన్నాళ్ళూ పులుసెట్టుకుని తినేశాం గదమ్మా!"

నూకరత్నం చేతులు నెమ్మదైనవి. నరాన్ని సముద్రపు నీటిలాంటి ఉప్పునీళ్ళలో ఉంచి, సన్నటి గాజు సూదితో గుచ్చి కొలిచేది. ఆ నీళ్ళు కూడా తనే కలిపి సీసాలో పోసుకునేది. ప్రతిసారీ డెబ్బై వచ్చేది, లేదా దానికి కాస్త అటూ ఇటూ.

ఇంకో గురువైతే సంతోషించేవాడు. వామనమూర్తికి నిద్ర పట్టలేదు. "ప్రతి పీతకూ డెబ్బైయేనా? పీతలన్నీ కూడబలుక్కున్నాయా? ఈ అమ్మాయి ఇంట్లో కూర్చుని అంకెలు వేసుకొస్తోంది" అనుకున్నాడు.

ఆమెను అడిగితే సరిపోయేది. పక్కన నిలబడి ఒక్కసారి చూసినా సరిపోయేది. కానీ అనుమానప్పక్షులు అడగరు. అడిగితే అబద్ధం చెబుతారని వాళ్ళకు ఇంకో అనుమానం.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆయన మెల్లగా ప్రయోగశాలలోకి వెళ్ళాడు. నూకరత్నం సీసా మూత తీసి, అందులో పొటాషియం ఉప్పు ఇంత వేసి కలిపాడు. అది తెల్లగా ఉంటుంది, కరిగితే కనిపించదు. బయట పొటాషియం పెరిగితే విద్యుత్తు పడిపోవాలని ఆయనకు తెలుసు. పడిపోయిందని ఆమె చెబితే నిజాయితీగా కొలుస్తున్నట్టు. ఎప్పటిలాగే డెబ్బై అంటే దొంగ దొరికినట్టు.

సాయంత్రం ఏమీ తెలియనట్టు అడిగాడు. "ఏమ్మా, ఈరోజు ఎంత వచ్చింది?"

నూకరత్నం ముఖం వాడిపోయి ఉంది. "ముప్పై సార్. మూడు పీతలతో చూశాను, మూడింటికీ అంతే. ఎక్కడో పొరపాటు చేశాను."

అమ్మాయి నిజం చెప్పింది. పరీక్ష అక్కడితో అయిపోవాలి. కానీ వామనమూర్తి బుర్రలో ఇంకో పురుగు దొలిచింది. "నేను మూత తీయడం అసిరయ్య చూసి ఉంటాడు. వీళ్ళిద్దరూ మావా, అమ్మా అనుకుంటారు. వాడే చెప్పేసి ఉంటాడు."

అందుకని నోరు మెదపలేదు.

మర్నాడు నూకరత్నం పాత నీళ్ళు పారబోసి కొత్తగా కలిపింది. అనుమానం తీరక ఆయన ఆరోజూ, ఆ తర్వాతి రోజుల్లోనూ మళ్ళీ పొటాషియం కలిపాడు. మళ్ళీ ముప్పైయే. ఆమె గాజు సూదులు మార్చింది, తీగలు మార్చింది, యంత్రాన్ని పక్క గదిలోని యంత్రంతో సరిచూసింది. ఏం చేసినా ముప్పైయే. చివరికి ఏ దారీ తోచక అసిరయ్య దగ్గరికి వెళ్ళింది.

"మావా, సీసాలు దేంతోనైనా కడిగి సరిగ్గా తొలవలేదా? లేకపోతే వేరే సీసా ఏదైనా పొరపాటున పెట్టావా?"

అసిరయ్య చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది. "ఏటమ్మా, నా మీదే అనుమానమా? ఇన్నేళ్ళబట్టీ కడుగుతున్నాను. ఒక్కనాడు ఒక సుక్క తేడా రానిచ్చినానా?"

ఆ మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అసిరయ్య ఆ రోజు నుంచి పీతల గురించి ఏమీ అడగలేదు. సీసాలు కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగేవాడు. ఆమె తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకునేది. ఆ గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఇదంతా వామనమూర్తి తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాడు. చెప్పేస్తే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది. ఇన్ని రోజులయ్యాక ఎలా చెప్పాలో తెలియలేదు.

నెలాఖరు వచ్చింది. అధ్యాపకులందరూ కూర్చున్నారు. నూకరత్నం లేచి నిలబడింది.

"ఇన్నాళ్ళూ నాకు డెబ్బై వచ్చింది. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా ముప్పై వస్తోంది. అంటే ఇంతకుముందు నేను కొలిచినవన్నీ తప్పు. వాటిని వెనక్కి తీసుకుంటున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. పరిశోధన మానేస్తున్నాను, క్షమించండి."

జీవితంలో మొదటిసారి వామనమూర్తికి ఎవరి మీదా అనుమానం కలగలేదు. తప్పు ఎవరిదో ఖాయంగా తెలుసు. సిగ్గుతో తల ఎత్తలేకపోయినా లేచాడు.

"ఆ అమ్మాయి కొలిచింది ఏదీ తప్పు కాదు. సీసాలో పొటాషియం కలిపింది నేను. ఆమెను పరీక్షిద్దామని కలిపాను" అన్నాడు.

నూకరత్నం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత ఆమె ముఖం వెలిగింది. "పొటాషియమా! అందుకే ముప్పై! బయట కూడా పొటాషియం నిండి ఉంటే లోపలిదానికి బయటికి పోయే జోరు ఎక్కడుంటుంది? తేడా తగ్గకపోతేనే ఆశ్చర్యం! అంటే డెబ్బై నిజమే, ముప్పై కూడా నిజమే!"

అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. ఆయన వైపు తిరిగింది.

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే మీ కళ్ళముందే కొలిచి చూపించేదాన్ని కదా సార్?"



ఆమె నేరుగా తలుపు దగ్గర నిలబడ్డ అసిరయ్య దగ్గరికి వెళ్ళింది. "మావా, ఏ పాపం ఎరగని నిన్ను నొప్పించాను."

"పోనీండమ్మా" అన్నాడు అసిరయ్య. "మీరు నా ఎదురుగుండానే అడిగారు. నాను సెప్పుకోడానికి ఈలు దొరికింది. మీకు ఆ ఈలూ లేకపోయింది."

వామనమూర్తి వెనకే వచ్చాడు. "అమ్మా, ఇక మీద నిన్ను నమ్ముతాను. నా దగ్గరే పూర్తి చెయ్యి" అని బతిమాలాడు.

"మీరు నమ్ముతారు సార్, కానీ మిమ్మల్ని నేను నమ్మేదెలా?" అంది నూకరత్నం. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు.

ఆమె ఇంకో ఆచార్యురాలి దగ్గర చేరింది. డెబ్బైలనూ ముప్పైలనూ పక్కపక్కన పెట్టి, నరంలో విద్యుత్తుకు పొటాషియం ఎంత ముఖ్యమో అందరికీ తేటతెల్లం చేసింది. పల్లె పల్లెంతా వచ్చి చూస్తుండగా పట్టా అందుకుంది.

వామనమూర్తి దగ్గరికి తర్వాత కూడా విద్యార్థులు వచ్చారు. కానీ ప్రతి ఒక్కరూ తమ సీసాలను ఒక చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు. ఆయన గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. "ఈ తాళాలెందుకమ్మా?" అని ఆయన అడిగితే, "ఊరికే, జాగ్రత్త కోసం సార్" అని తల దించుకునేవారు.

ఎవరి మీదైనా అనుమానం కలిగితే వాళ్ళనే ఎదురుగా అడగాలి. చాటున పరీక్షలు పెట్టేవాణ్ణి ఆ తర్వాత ఎవ్వరూ నమ్మరు.