గుమాస్తా నక్క విన్న రోగం

కొండ కింది అడవిలో తేనె వ్యాపారమంతా ఎలుగుబంటి బంగారయ్యదే. కోతులు చరియలెక్కి తేనెపట్లు కోస్తాయి, గాడిదలు కుండలు మోస్తాయి, ఉడతలు మైనం వడగడతాయి. వీళ్ళందరి మీదా పెత్తనం నక్క నూకరాజుది. పేరుకి మండీ గుమాస్తా. అసలు చేసే పని ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన పట్టడం.

మరిడమ్మ ఆ మండీలో కుండలు మోసే గాడిద. చిన్నప్పటినుంచీ ఆమెకి ఉబ్బసం. వేళకి మందు వేసుకుంటుంది, ఆయాసం వస్తే ఓ చెట్టు కింద కాసేపు ఆగి మళ్ళీ నడుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క కుండ పగలగొట్టలేదు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఆ వేసవిలో పట్ల కింద పొగ పెట్టే అడవిపంది, ఒళ్ళంతా తేనెటీగలు కుట్టించుకుని, పనికో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నూకరాజు ఆ పని మరిడమ్మకి అంటగట్టాడు. పొద్దున పొగ దగ్గర నిలబడితే మధ్యాహ్నానికి ఆమె రొమ్ములో పిల్లిపిల్లలు అరుస్తున్నట్టు కూత మొదలైంది. తిన్నగా గుమాస్తా దగ్గరికి వెళ్ళింది.

"పొగ నాకు పడదండి గుమాస్తాగారూ. మోత పని ఎంతైనా చేస్తాను. నన్ను అక్కడే ఉంచండి."

"పడదంటే? ఏం రోగం?"

"పొగలో పని చేయకూడదని వైద్యులుగారు చెప్పారు. కావాలంటే ఆ మాట ఆయన చేతే చెప్పిస్తాను."

"ఆ మాట నాకెందుకు? రోగం పేరు చెప్పు. ఎన్నాళ్ళనుంచి? మీ అమ్మకుందా? రాత్రిళ్ళు నిద్ర పడుతుందా? లద్దె గట్టిగా పడుతోందా, పలచగానా?"

"లద్దెకీ పొగకీ ఏం సంబంధమండీ?"

"మండీ అన్నాక అన్నీ తెలియాలి మరిడమ్మా. నీ మంచికే అడుగుతున్నాను. సంత నాటికి మొత్తం చెప్పావా సరే, లేదంటే ఆ పనీ లేదు, ఈ పనీ లేదు."

పని పోతే మరిడమ్మకి తిండి లేదు. ఎండలకి కొండ మీద గడ్డి మాడిపోయింది. మండీవాళ్ళు వేసే మేత ఒక్కటే దిక్కు. చెప్పేద్దామా అంటే, ఎద్దు సింహాద్రి గుర్తొచ్చాడు. పాపం, నమ్మి తన మూర్ఛ సంగతి నూకరాజుతో చెప్పుకున్నాడు. మర్నాటికల్లా ఉడతలు అతని ఎదురుగా వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటూ ఆడుకున్నాయి. ఆ సిగ్గుతో సింహాద్రి అడవే వదిలేశాడు.

మరిడమ్మ వాగు అవతల ఉన్న తాబేలు ఆచారి దగ్గరికి వెళ్ళింది. ఆచారి మంచి వైద్యుడే గానీ చెవులు సరిగ్గా వినపడవు. అందుకని లోకానికంతా చెముడున్నట్టు గొంతెత్తి మాట్లాడతాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పిందంతా విని, "పిచ్చిదానా, వాడికి నీ ఊపిరితిత్తులతో ఏం పని? నువ్వేం చేయగలవు, ఏం చేయకూడదు, మధ్యలో ఎంతసేపు ఆగాలి, అంతవరకు చెప్పు. వాడొచ్చి అడిగినా నేను అంతే చెప్తాను, అదీ నువ్వు సరేనంటేనే" అన్నాడు. "మందు నూరుకోవాలి. ఈలోగా వాగులో నీళ్ళు తాగిరా."

మరిడమ్మ నీళ్ళు తాగి వచ్చేసరికి లోపల ఇంకెవరో రోగి ఉన్నారు. ఆచారి గొంతు బయటికి ఖణేల్మని వినిపిస్తోంది. అవతలివాళ్ళు "ఊఁ" అనడం తప్ప నోరు విప్పడం లేదు. గుడిసె వెనకాల చూస్తే ఓ ఎర్రటి తోక. నూకరాజు ఆమె అడుగుజాడలు పట్టుకుని వచ్చి, తడికకి చెవి అంటించి వింటున్నాడు.

ఎవరి గుట్టో బయటికి పోతోందని మరిడమ్మకి ఒళ్ళు మండింది. గుడిసె ముందుకెళ్ళి, లోపలివాళ్ళు జాగ్రత్తపడేలా గట్టిగా దగ్గింది. ఆచారికి వినపడితే కదా. వెనకనున్న నూకరాజు మాత్రం ఆ దగ్గు విని, గాడిద లోపలే ఉందని ఖాయం చేసుకుని, ఆనందంగా తోక జాడించుకుంటూ పరుగెత్తాడు. కాసేపటికి రోగి బయటికి వస్తున్న చప్పుడైంది. మరిడమ్మ మొహం అటు తిప్పుకుంది. ఎవరో చూడలేదు.

మర్నాడు పొద్దున మండీ ముందు అందరూ కూడారు. బంగారయ్య అరుగు మీద కూర్చున్నాడు. నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఈ మరిడమ్మ మనల్ని మోసం చేస్తోంది. ఈమెకి ముదిరిపోయిన షుగరు జబ్బు. వైద్యుడి నోటి మాట, నా చెవులతో విన్నాను. దొంగచాటుగా కుండలో చెయ్యి పెట్టి తేనె నాకడం మానమన్నాడు."

అందరూ మరిడమ్మ వైపు చూశారు. ఆమె తన గిట్టల వైపు చూసుకుంది.

"ఇంకా ఉంది" అన్నాడు నూకరాజు హుషారుగా. "గోళ్ళ సందుల్లో పుండు పడిందట, మానకపోతే పంజా తీసేయాలట. ఆ బానపొట్ట తగ్గకపోతే చెట్టెక్కడం కూడా మానుకోమన్నాడు."

ఓ ఉడత మెల్లగా అడిగింది. "గాడిదకి గోళ్ళెక్కడివి బాబాయ్?"

"గాడిద చెట్టెక్కడం నేనెప్పుడూ చూళ్ళేదు" అంది కోతి.

చూపులు ఒక్కొక్కటే మరిడమ్మ మీదనుంచి లేచి అరుగు మీదికి వెళ్ళాయి. బంగారయ్య తన కుడి పంజా నెమ్మదిగా వీపు వెనక దాచుకున్నాడు. పొట్ట దాచుకునే చోటు మాత్రం దొరకలేదు. నూకరాజు చెవులు వాల్చేసి ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

ఒక్క మాటంటే చాలు, ఆ రోజు మండీ అంతా నవ్వుల్లో మునిగేది. మరిడమ్మ ఆ మాట అనలేదు. "అయ్యగారూ, గుమాస్తాగారు చెప్పిన జబ్బు నాది కాదు. ఎవరిదో మనకి అక్కర్లేదు. నాకు పొగ పడదు, మోత పడుతుంది. మధ్యలో ఊపిరి తీసుకోనివ్వాలి. ఈ మాట ఆచారిగారూ చెప్తారు" అంది.

బంగారయ్య అరుగు మీదనుంచి ముందుకి వంగాడు.

"అంతేనా?"

"అంతేనండి."

"అయితే నువ్వు మోతకే వెళ్ళు మరిడమ్మా. ఆయాసం వచ్చినచోట ఆగు. పొగ కుంపటికి పొడుగు కర్ర కట్టిస్తాను, పొగ మొహానికి రాకుండా కోతులే పెట్టుకుంటాయి." నక్క వైపు తిరిగాడు. "నూకరాజూ, నీ పెత్తనం ఇక చాలు. ఇవాళ్టినుంచి ఉడతల చేతి కింద మైనం వడగట్టు. వాళ్ళు ఏం చెప్తే అది చెయ్యి."

ఉడతలు వాడికి జాలి లేకుండా పని చెప్పాయి. సాయంత్రానికి నూకరాజు రెండు చెవుల్లోనూ మైనం గడ్డకట్టింది. పక్కనే పిలిచినా పలకలేదు.

పని ఇచ్చేవాడు అడగాల్సింది పనికి కావలసినంతే. మిగతా ఒళ్ళు ఎవరిది వాళ్ళదే.