గోరింటకు వేసిన శిక్ష

కాకినాడలో ఒక అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడైన విశ్వపతి, ఏ మాటైనా సగం విని తీర్పు చెప్పేసే మనిషి. అదే అపార్టుమెంటులో అద్దెకుండే సువర్చలకు గోరింట అనే పిల్లి ఉండేది.

ఒకరోజు సువర్చల లిఫ్టులో పశువుల డాక్టరుతో ఫోనులో మాట్లాడుతూ, "అంటే మా గోరింటకు కరోనా యాంటీబాడీలు ఉన్నాయన్నమాట" అంది. పక్కనే ఉన్న విశ్వపతి చెవిలో కరోనా అన్న మాట ఒక్కటే పడింది. లిఫ్టు కిందికి చేరేలోపే తీర్పు తయారైపోయింది.

"ఆ పిల్లిని మేడ మీద లిఫ్టు మోటారు గదిలో పెట్టండి. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు.

"ఇది పిల్లులకు వచ్చే వేరే కరోనా అండీ. మనుషులకు అంటదు. చాలా పిల్లుల కడుపులో ఏ హానీ చెయ్యకుండా ఉండిపోతుందట. యాంటీబాడీలుంటే రోగం ఉన్నట్టు కాదట, వైరస్ వస్తే ఒళ్లు ఎదుర్కొందని అర్థమట. కావాలంటే డాక్టరు గారినే అడగండి" అంటూ సువర్చల ఫోను అందించబోయింది.

ఆయన ఫోను ముట్టుకోలేదు. "నాకు పాఠాలు చెప్పకమ్మా" అన్నాడు. అంతమందికి పెద్దగా ఉంటున్నవాడికి ఒక్క నిమిషం వినే ఓపిక లేకపోయింది. అప్పటికప్పుడు ఇంకో ఇల్లు దొరికే దారిలేక, సువర్చల ఏడుస్తూ గోరింటను పైకి తీసుకెళ్లింది.

మనిషి ఒళ్లో తప్ప నిద్రపోని పిల్లి అది. మోటారు తిరిగినప్పుడల్లా ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయేది. సువర్చల పూటపూటా పైకెక్కి ఎంత బతిమాలినా చేపముక్క ముట్టేది కాదు. కొన్నాళ్లకు ఒళ్లంతా చిక్కిపోయి, పొట్ట మాత్రం ఉబ్బింది.

సువర్చల ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరు దాని పొట్ట తడిమి చూశాడు. "నీరు చేరిందమ్మా. ఎక్కడో ఒక పిల్లిలో ఆ వైరస్ రూపు మార్చుకుంటుంది. అప్పుడు కాపాడాల్సిన రోగనిరోధక శక్తే అదుపుతప్పి ఒంటిని దెబ్బతీస్తుంది. గదిలో పెట్టడం వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేను. కానీ బెదురుతో బతికే పిల్లికి ఆ ప్రమాదం ఎక్కువ" అన్నాడు. మందు మొదలుపెట్టారు కానీ అప్పటికే ఆలస్యమైంది. గోరింట సువర్చల ఒళ్లోనే ప్రాణం విడిచింది.

మర్నాడు విశ్వపతి వచ్చి, "అందరి మేలు కోసమే చేశానమ్మా" అన్నాడు.

సువర్చలకు ఒళ్లు మండిపోయింది. "మీకు కరోనా వచ్చి తగ్గాక, ఒంట్లో యాంటీబాడీలు దండిగా ఉన్నాయని మీటింగులో మీరే గొప్పగా చెప్పుకున్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మిమ్మల్ని మోటారు గదిలో పెట్టమని ఎవరూ అనలేదు. మీకు గొప్పయింది నా పిల్లికి నేరమెలా అయిందండీ?" అని అడిగింది.

విశ్వపతి తల దించుకున్నాడు. ఇప్పుడు దించుకుంటే ఏం లాభం? వినాల్సిన రోజున వినలేదు.

నీతి: భయంతో సగం మాట విని శిక్ష వేసేవాడు, అందర్నీ కాపాడుతున్నాననుకుంటూనే ప్రాణం తీస్తాడు. తీర్పు చెప్పే ముందు మాట పూర్తిగా వినాలి.