దివానుగారి కుక్క పరీక్ష

రాజుగారి వంట ముందు కుక్కకి పెట్టి చూడాలని దివాను కట్టడి చేశాడు. కుక్కకి పడితే మంచి వంట, పడకపోతే విషం. ఒకరోజు పొద్దున పాయసం నాకిన కుక్క, భోజనాల వేళకి వాంతులు చేసుకుని కూలబడింది. ఇంకేముంది, వంటమనిషి సింగరమ్మని భటులు సభకి ఈడ్చుకొచ్చారు.

"విషం కలుపుతావా? సాయంత్రానికి నీ తల ఉండదు!" అని అరిచాడు దివాను.

సింగరమ్మ ముందుకొచ్చింది. భటులు సాక్ష్యంగా తెచ్చిన పాయసం గిన్నె అందుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది.

"ఇందులో ఎండుద్రాక్ష వేశానయ్యా. అది మనుషులకి బలం, కుక్కలకి విషం. పొద్దున నేనూ తాగాను, నాకేమైనా అయిందా, చూడండి."

"ముందే విరుగుడు మింగి ఉంటావు! కుక్క తిన్నదే మనిషి తినాలి. అంతే."

"మాట మార్చరు కదయ్యా?"

"రాజుగారి ముందు చెబుతున్నాను. మార్చను."

కోట వెనక ఎముకలు కొరికే వేటకుక్కని, అది తినేదాంతో సహా తెమ్మని సింగరమ్మ బతిమాలితే, ఒక భటుడు వెళ్లి తెచ్చాడు. దాని నోట్లో కుళ్లిన మేక కాలుంది. ఆ కంపుకి సభంతా ముక్కు మూసుకుంది. కుక్క మాత్రం తోకాడిస్తూ సగం నమిలింది. మిగతా సగం సింగరమ్మ విస్తరిలో పెట్టి దివాను ముందుంచింది.

"కుక్క తిన్నదయ్యా. ఆరగించండి."

"ఛీ ఛీ! ఇది కుక్కల తిండే!"

"నేను వండింది మనుషుల తిండయ్యా."

రాజుగారు భటుల వైపు తిరిగారు.

"ఆమెని వదిలేయండి. పాయసం నాకిన కుక్కకి వైద్యుణ్ని పిలవండి," అన్నారాయన. "రేపట్నుంచి నా వంట రుచి చూసేది దివానే."