వరాలమ్మ సాపు రాసిన ఆకు

అనగనగా ఒక అడవిలో, ఊట మడుగు పక్కన, జంతువుల సభ ఒకటి జరుగుతుండేది. ఆ సభలో ఎవరేమన్నారో రాసిపెట్టే పని ముళ్లపంది వరాలమ్మది.

వరాలమ్మ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, రాలిన తన ముల్లు ఒకటి పట్టుకుని కూర్చునేది. టేకాకు మీద ముల్లుతో గీస్తే అక్షరాలు ఎర్రగా తేలేవి. సభలో గబగబా రాసింది చిత్తు. ఇంటికెళ్లి కుదురుగా రాసింది సాపు. సాపు కాగానే చిత్తు వాగులో పారేయాలి. ఆ తర్వాత ఏ తగువొచ్చినా సాపులో ఉన్న మాటే చెల్లేది.

తన మాట తప్పుగా పడిందనుకుంటే, పొద్దుగూకేలోపు ఎవరైనా వచ్చి దిద్దించుకోవచ్చు. అది సభ ఆచారం. ఆ ఆచారమే వరాలమ్మ ప్రాణం తోడేసేది.

ఒకరోజు అడవిపంది లేచి, "మడుగు గట్టు కింద మంచి గడ్డలున్నాయి. తవ్వుకుంటాం," అంది.

"తవ్వితే గట్టు తెగుతుంది. నీళ్లన్నీ పోతాయి," అంది కుందేలు, భయపడుతూనే.

నక్క నవ్వింది. "పోతే పోనీ. కప్పలే కదా, ఎక్కడో ఒకచోట బతుకుతాయి."

సభకు పెద్ద ఏనుగు. అది తొండమెత్తి, "తవ్వుకోనివ్వండి. గట్టు తెగితే నేనే రాళ్లు మోసి కడతాను," అంది.

రాతి మీద కూర్చున్న కప్ప గంగమ్మ అడిగింది. "పెద్దయ్యా, ఆ మాట ఆకు మీదికి ఎక్కుతుందా?"

"ఎక్కక ఎక్కడికి పోతుంది?" అంది ఏనుగు.

గంగమ్మ వరాలమ్మ వైపు చూసింది. వరాలమ్మ తలూపింది. ఆ ధైర్యంతోనే గంగమ్మ ఆ మడుగులో గుడ్లు పెట్టింది.

సాయంత్రం వరాలమ్మ సాపు మొదలుపెట్టిందో లేదో, నక్క దిగింది.

"వరాలక్కా, 'పోతే పోనీ' అని రాశావట. నేనలా అన్నానా?"

"అన్నావు. నవ్వావు కూడా. నవ్వు రాయలేదు, సంతోషించు."

"నా భావం అది కాదక్కా. 'కప్పల క్షేమం కోరుతూ' అని రాయి."

"భావాలు నాకెందుకు తల్లీ, నేను రాసేది మాటలు."

నక్క కదల్లేదు. గుమ్మంలో చతికిలబడి అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. వరాలమ్మకు తల వాచిపోయింది. ఆకు చింపి, మొదటి నుంచీ రాసింది.

అది అయ్యేసరికి కుందేలు. "అత్తా, నా మాట మొత్తం తీసెయ్. అడవిపంది ఉండేది నా బొరియ పక్కనే."

"పనికొచ్చే మాట అన్నది నువ్వొక్కదానివే. అదే తీసెయ్యమంటావేం?"

"బతకాలి కదత్తా," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మరో ఆకు.

అంతలో గుమ్మం చీకటైంది. ఏనుగు.

"వరాలమ్మా, 'నేనే కడతాను' అన్నది కాస్త మోటుగా ఉంది. 'గట్టు సంగతి చూడబడును' అని పెట్టు."

"ఎవరు చూస్తారండీ?"

"చూడబడును అన్నాక ఎవరని అడక్కూడదు."

చెయ్యి పీకుతోంది. దీపం పెట్టే వేళ కావస్తోంది. "రామా, నాకెందుకీ గొడవ," అనుకుని వరాలమ్మ అలాగే రాసేసింది. చిత్తు వాగులో పారేసింది.

అడవిపంది తవ్వగా తవ్వగా, పది రోజులకే గట్టు తెగింది. నీళ్లు జారిపోతుంటే, ఇంకా తోకలు ఊడని కప్పపిల్లలు బురదలో కొట్టుకుంటున్నాయి. గంగమ్మ పరుగున సభకు వచ్చింది.

"పెద్దయ్యా, రాళ్లు మోస్తానన్నారు."

"సాపు చదవండి," అంది ఏనుగు.

వరాలమ్మ తల దించుకుని ఆకు తీసింది. ఎలాగో చదివింది. "గట్టు సంగతి చూడబడును."

"చూస్తూనే ఉన్నాను కదా," అంది ఏనుగు, గట్టు వైపు చూస్తూ.

"తెగుతుందని నేను ముందే చెప్పాను," అంది కుందేలు.

"ఆకులో నీ పేరే లేదు," అంది నక్క. "కప్పల క్షేమం కోరింది నేనొక్కదాన్నే. చదువు వరాలక్కా."

వరాలమ్మకు ఒళ్లు మండిపోయింది. "చిత్తులో అందరి మాటలూ ఉన్నాయి. మీరే వచ్చి మార్పించారు."

"ఏదీ చిత్తు?" అంది ఏనుగు.

గంగమ్మ మెల్లగా అంది. "ఏనుగు మాట నమ్మి కాదు వదినా. నువ్వు రాస్తావని నమ్మి ఇక్కడ గుడ్లు పెట్టాను."

వరాలమ్మ చేతిలోని సాపు ఆకును దొప్పగా మడిచి, ముల్లుతో గుచ్చింది. బురదనీళ్లతో సహా పిల్లల్ని ఎత్తుకుని పైవాగుకు నడిచింది. పొద్దుగూకేదాకా మోస్తూనే ఉంది. కొన్ని బతికాయి. చాలా బతకలేదు.

తర్వాతి సభలో ఏనుగు గద్దించింది. "పోయినసారి సాపు ఏదీ? అది సభ సొత్తు."

"దొప్ప చేశానండి. తడిస్తే పాడయ్యే నిజమేదీ అందులో లేదు," అంది వరాలమ్మ.

ఆ సాయంత్రం నక్క మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. "వరాలక్కా, ఇవాళ నేనన్న మాట..."

"చెప్పు తల్లీ, రాస్తున్నాను."

"ఏం రాస్తున్నావు?"

"సాయంత్రం నక్క వచ్చి, అన్న మాట మార్చమని అడిగింది, అని."

నక్క చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. దాని వెనకే నిలబడ్డ ఏనుగుకు ఇంటి దగ్గరేదో పని గుర్తొచ్చింది.

నీతి: అన్న మాటను అన్నట్టే రాసిపెట్టాలి. గొడవెందుకులే అని మార్చి రాస్తే, ఆ రాతను నమ్ముకున్నవాళ్లే నష్టపోతారు.