పగలని టెంకాయ

చిదంబరం మాట్లాడితే బండరాళ్ళు కూడా కరుగుతాయని పసుపుగట్టు ఆశ్రమం చుట్టుపక్కల పేరు. కరగనిదల్లా మోటారు సైకిళ్ళ మీద తిరిగే కుర్రకారే.

గట్టు కింది మలుపులో తరచూ బండ్లు పడుతున్నాయి. ఆశ్రమం వాళ్ళు చెబితే జనం వింటారని ఎస్సైగారు స్వయంగా వచ్చి అడిగి వెళ్ళారు. ఆశ్రమం స్వామి తన శిష్యుడు చిదంబరం వైపు చూశాడు. అతను ఆ సాయంత్రమే మైకు భుజాన వేసుకున్నాడు. బడికెళ్ళి చెప్పాడు, సంతలో చెప్పాడు, టీ బంకుల దగ్గర నిలబడి చెప్పాడు. ర్యాలీ తీశాడు. దాతల్ని పట్టుకుని హెల్మెట్లు పంచిపెట్టాడు. తల పగిలితే ఏమవుతుందో వర్ణించి వర్ణించి ఆడవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించాడు.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. హెల్మెట్లు పుచ్చుకున్నారు. వాటిని అద్దాలకు తగిలించుకుని, ఒక్కో బండి మీద ముగ్గురేసి ఎక్కి, ఈలలు వేసుకుంటూ వెళ్ళిపోయారు. ఒక ఇంట్లో అయితే ఆ హెల్మెట్లో కోడి పొదుగుతోంది. పోనీలే, దాని గుడ్లయినా భద్రంగా ఉన్నాయి.

ఇంతలో ఆయుధపూజ దగ్గరపడింది. ఆ రోజు మండలంలో బండి ఉన్నవాళ్ళంతా పసుపుగట్టుకే వస్తారు. స్వామి చేత్తో టెంకాయ కొట్టించుకుంటే బండికి ఏ గండమూ ఉండదని వాళ్ళ నమ్మకం. నిరుడు అలా వచ్చి వెళ్ళిన కుప్పమ్మ పెద్దకొడుకు, వారం తిరక్కుండానే మలుపులో పడ్డాడు. బతికి బయటపడ్డాడు గానీ, ఇప్పటికీ ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడతాడు. ఆ బండికి గంధం పూసి బొట్టు పెట్టింది చిదంబరమే. అది తలుచుకుంటే అతనికి అన్నం సయించదు.

ఆ బాధే స్వామి దగ్గర వెళ్ళబోసుకున్నాడు. "ఇంకొక బిడ్డ పడితే నేను తట్టుకోలేను స్వామీ. ఎంత చెప్పినా వినరే!"

స్వామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. "ఎంత చెప్పావు?" అన్నాడు.

"గొంతు పోయేదాకా."

"అబ్బో," అని స్వామి ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాడు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే బండ్లు గట్టు మొదలు దాకా బారులు తీరాయి. బంతిపూల దండలు, గంధపు చారలు, చక్రాల కింద నిమ్మకాయలు, ఎటు చూసినా పండగే. వరసలో మొదటి బండి రెడ్డెప్పది. కుప్పమ్మ చిన్నకొడుకు. బండి కొత్తది, వాడి ఉత్సాహం అంతకన్నా కొత్తది. అద్దానికి హెల్మెట్ వేలాడుతోంది, దానికీ ఒక కుంకుమబొట్టు పెట్టాడు. తలకు పెట్టుకోరా అని చిదంబరం బతిమాలితే, జుట్టు అణిగిపోతుందన్నాడు.

కుప్పమ్మ సంచిలోంచి టెంకాయ తీసింది. నిరుడు పెద్దవాడి బండికి కొట్టిన కాయ కుళ్ళిపోయింది. అందుకే అంత పని జరిగిందని ఆమె నమ్మకం, ఎవరు చెప్పినా మారదు. ఈసారి అంగట్లో గంపంతా తిరగేసి, ఒక్కో కాయనూ చెవి దగ్గర ఊపి, అంగడాయన కసురుకుంటున్నా లెక్కచేయక ఏరి తెచ్చింది.

"ఒక్క దెబ్బకు పగలాల సామీ," అంది. కాయను కళ్ళకద్దుకుని ముందుకు చాపింది.

స్వామి కాయ అందుకుని రాతి మీదికి ఎత్తాడు. అందరూ దండం పెట్టుకున్నారు. ఏమనుకున్నాడో ఏమో, ఎత్తిన చెయ్యి దించేశాడు. తిన్నగా బండి దగ్గరికెళ్ళి అద్దానికున్న హెల్మెట్ తీశాడు. కాయకు తన తుండుగుడ్డ చుట్టి, హెల్మెట్లో కదలకుండా కుదురుగా కూర్చోబెట్టాడు. పట్టీ బిగించాడు. టక్కుమంది. అప్పుడు రెండు చేతులా తలపైకెత్తి రాతి మీదికి వదిలేశాడు.

ధబ్బున పడి, ఎగిరి, మెట్ల మీద దొర్లుకుంటూ పోయి చెప్పుల గుట్ట దగ్గర ఆగింది. చిదంబరం పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు. పట్టీ విప్పి, గుడ్డ తీసి చూస్తే కాయ చెక్కుచెదరలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆయుధపూజ నాడు కాయ పగలకపోవడమంటే ఎంత అపశకునం! కుప్పమ్మ ముఖం పాలిపోయింది.

"పగల్లేదే సామీ," అంది, ఏడుపు ఆపుకుంటూ.

స్వామి ఆ కాయను ఆమె చెవి దగ్గర ఊపాడు. లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"పగల్లేదు తల్లీ. శుభం. ఇంటికి తీసుకుపో."

కుప్పమ్మ చేతిలోని కాయను చూసింది. దాని పిలకను చూసింది. పక్కనే నెత్తిన జుట్టు నిక్కబెట్టుకుని నిలబడ్డ కొడుకును చూసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. చిదంబరం చేతిలోని హెల్మెట్ లాక్కుని కొడుకు నెత్తిన పెట్టి, పట్టీ బిగించి, పైన వేలి కణుపుతో కొట్టి చూసింది. వాడు జుట్టు గురించి ఏదో గొణిగాడు. జుట్టుదేముందిరా, మళ్ళీ దువ్వుకుందువులే అంది. గట్టు మీద జనమంతా గొల్లున నవ్వారు.

ఇక చూడాలి ఆ సంబరం! అమ్మలు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు ఎగబడి అద్దాల మీంచి హెల్మెట్లు తీస్తున్నారు. వరస పొడుగునా పట్టీల టక్కుటక్కులే. హెల్మెట్ తేనివాళ్ళు కాయ పగలగొట్టించుకోవడానికి మనసొప్పక, తెచ్చుకొస్తామని బండ్లు తోసుకుంటూ వెనక్కి మళ్ళారు. ఆ పూట పసుపుగట్టు రాతి మీద ఒక్క కాయ కూడా పగల్లేదు. చట్నీకి చిన్న ముక్కైనా దొరకలేదని వంటామె ఒకటే సణుగుడు.

రెడ్డెప్ప బండి స్టార్ట్ చేశాడు. కుప్పమ్మ టెంకాయ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. చిదంబరం సంతోషం పట్టలేక చెయ్యి ఊపుతున్నాడు.

"ఒరే చిదంబరం, ఆ బండి మీద కాయలెన్నిరా?" అన్నాడు స్వామి.

"ఒకటే కదా స్వామీ, ఆమె ఒళ్ళో."

కుప్పమ్మ వెనక్కి తిరిగింది. మెల్లగా తన తలను తనే తడుముకుంది.

"మూడు సామీ," అంది.

చిదంబరం నాలుక్కరుచుకున్నాడు. ఒక్క పరుగున షెడ్డులోకి వెళ్ళి, తన బండికి వేలాడుతున్న హెల్మెట్ తెచ్చాడు. ఆమెకు పెట్టబోయి ఆగిపోయాడు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు దానికి ఇంకా అలాగే ఉంది.

అందరూ చూస్తుండగా ఆ కవరు చించడానికి అతనికి చాలాసేపు పట్టింది. కుప్పమ్మే మెడ వంచి పెట్టించుకుని, చల్లగా ఉండు నాయనా అని బయల్దేరింది.

మధ్యాహ్నం పక్క ఊళ్ళో చిదంబరం ఉపన్యాసం ఉంది. మైకు భుజాన వేసుకుని బండి దగ్గరికి వెళ్ళి తాళం పెట్టాడు. హెల్మెట్ లేక బోసిపోయిన అద్దం కనిపించింది. తాళం తీసి జేబులో వేసుకుని, గట్టు దిగి, మలుపు వారగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

వంటామె గుమ్మంలోంచి చూసి, ఈ ఎండలో బండి వదిలేసి నడిచి పోతున్నాడేంది సామీ అని అడిగింది.

"పోనీయమ్మా," అన్నాడు స్వామి. "ఈ పూట మావాడు బాగా మాట్లాడతాడు."